స్విచ్చికి బయట ఉండాల్సిన తీగ

ముందు నల్లది. ఏ బ్యాటరీ దగ్గర కూర్చున్నా ముందు నల్ల తీగ విప్పాలి, తర్వాత ఎర్రది. బిగించేటప్పుడు ముందు ఎర్రది, ఆఖర్న నల్లది. ఇంజనీరింగు కాలేజీలో నాలుగేళ్ళు ఈ మాట నాకెవరూ చెప్పలేదు. అన్నయ్య చెప్పాడు, నాకు పదకొండేళ్ళప్పుడు, బండ్లకు కరెంటు పని చేసే దుకాణం నుంచి వచ్చి పంపు కింద మోచేతుల దాకా సబ్బు నురగ పట్టించుకుంటూ, నల్లోడు ఇష్టం లేకుండా పెళ్ళికొచ్చిన చుట్టంలాంటివాడు, అందరికంటే ఆఖర్న వస్తాడు, అందరికంటే ముందు పోతాడు అని. నేను నవ్వి నోటుబుక్కులో రాసుకున్నాను కూడా. ఇప్పుడు నా మోకాళ్ళు అన్నయ్య వాళ్ళ పెరట్లో సిమెంటు గచ్చు మీద ఉన్నాయి, నా ముఖం ముందు ట్రైలర్ ముక్కు మీద బోల్టులతో బిగించిన నల్ల ప్లాస్టిక్ పెట్టె, మూత తీస్తే బ్యాటరీ, బ్యాటరీ కొమ్ముల మీద తెల్లటి పొడి, నా వెనక మూడడుగుల దూరంలో ముక్కాలిపీట మీద అన్నయ్య. తిరిగి చూడకుండానే తెలుస్తోంది, కుడి చెయ్యి ప్యాంటు జేబులో ఉంటుంది, ఏడు నెలలుగా అది అక్కడే కాపురం. "పదో నంబరు పానా," అన్నాడు. నేను పన్నెండో నంబరుది తీయబోతున్నానని నా భుజం కదలిక చూసి కనిపెట్టినట్టున్నాడు. పదో నంబరే పట్టింది.

ఈ ట్రైలర్‌ను, కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న ఇంటిని, అన్నయ్య తుక్కు దుకాణం నుంచి తెచ్చాడు. గోడలు ఉబ్బి, నేల చివికి, ఒక చక్రం లేదు. రెండేళ్ళ ఆదివారాలన్నీ దీనికే ధారపోశాడు. లోపల ఒక మంచం, మడిస్తే పక్కగా మారే బల్ల, రెండు పొయ్యిల స్టవ్వు, అరచేతులంతేసి కిటికీలకు వదిన కుట్టిన తెరలు. రేపు పొద్దున్నే వదినా అన్నయ్యా ఇద్దరాడపిల్లలూ దీన్ని తీసుకుని నాలుగు రోజులు తిరిగి రావడానికి బయల్దేరతారు, ఆ ప్రమాదం తర్వాత ఇదే మొదటిసారి. వెళ్ళడానికి వదిన ఒక్క షరతు పెట్టింది, నాకు ఫోన్లో, అన్నయ్య వింటుండగానే. "నువ్వొచ్చి నీ చేత్తో తీగలు మార్చి స్విచ్చి బిగిస్తేనే నేనూ నా పిల్లలూ అందులో కాలు పెడతాం. చదువుకున్న చెయ్యి పడాలమ్మాయ్. ఈయన చేతి పని చూశాంగా." సరే వదినా అన్నాను. ఏదైనా సరే వదినా అనడమే నాకు అలవాటు. వదినకు తెలియనిది ఏమిటంటే, ఆ పాత తీగల పనికి బొమ్మ గీసిచ్చింది నేనే. అన్నయ్య మూడు వేళ్ళు పోయింది నేను స్కేలు పెట్టి గీసిన ఒక గీత వల్ల. ఏడు నెలల్లో ఆ మాట నేను ఒక్కరితోనూ అనలేదు. ఇవాళ అనాలి. నాలుగింటికి పిల్లలు బడి నుంచి వచ్చేస్తారు, అంతకుముందే, వదిన నా మీది నమ్మకంతో ఈ మెట్టు ఎక్కకముందే అనాలి. ఇప్పుడు రెండున్నర.

తెల్లపొడి మీద వంటసోడా నీళ్ళు పోస్తే బుసబుస పొంగింది. పాత పళ్ళ బ్రష్షుతో రుద్దుతున్నాను. ఆఫీసులో నా బల్ల మీద ఇలాంటి మురికి ఉండదు, కాగితాలుంటాయి, పెద్ద పెద్ద కాగితాలు, వేరేవాళ్ళు గీసిన కరెంటు నక్షాలు. వాటిలో తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి పంపిస్తాను, మళ్ళీ దిద్ది తెస్తారు, అప్పుడు కింద గడిలో "సరిచూడబడినది" అన్న చోట నా పొట్టి సంతకం పెడతాను. తొమ్మిదేళ్ళలో నేను సరిచూసి పంపిన దాంట్లో తప్పు దొరికిందని ఎవరూ అనలేదు. మా పెద్ద ఇంజనీరు ఒకసారి మీటింగులో లేచి, ఈ అమ్మాయి సంతకం ఉంటే నేను చూడకుండా సంతకం పెట్టేస్తా అన్నాడు, అందరూ బల్లలు చరిచారు, ఆ సాయంత్రం ఇంటికెళ్ళి అమ్మకు చెబితే అమ్మకు అర్థం కాలేదు, అన్నయ్యకు ఫోన్ చేసి చెబితే అన్నయ్యకు అర్థమైంది, మా పంతులమ్మ కదా అన్నాడు. నాకు ఆరేళ్ళప్పుడు పెట్టిన పేరది. బడి నుంచి రాగానే వాడి ఎక్కాల్లో తప్పులు పట్టేదాన్ని, వాడు నాకంటే ఆరేళ్ళు పెద్ద, అయినా పట్టేదాన్ని, పట్టించుకునేవాడు. ఒక మనిషి తన తప్పులు చెల్లెలితో పట్టించుకోవడానికి ఇష్టపడితే దాన్ని ప్రేమ అనాలేమో, నేను మాత్రం అప్పట్లో నా తెలివి అనుకున్నాను.

ఆ బొమ్మ గీసింది వీళ్ళింట్లోనే, అన్నాలయ్యాక, బల్ల తుడిచిన తడి ఆరకముందే. బ్యాటరీ ఊరికే దిగిపోతోంది పంతులమ్మా, వారం రోజులు కదలకుండా ఉంటే చచ్చిపోతోంది, లోపల గ్యాసు కనిపెట్టే డబ్బా ఒకటి, రేడియో ఒకటి, ఏవో చీమల్లా తాగేస్తున్నాయి, ఒక స్విచ్చి పెట్టి అన్నీ ఆపెయ్యాలి అన్నాడు. నాకు హుషారొచ్చింది. చాలా ఏళ్ళకు నా చదువు మా ఇంట్లోకి పనికొస్తోంది. కాగితం తెచ్చాను, స్కేలు తెచ్చాను, మేనకోడలి బాక్సులోంచి మెత్తటి పెన్సిలు తెచ్చాను. లైట్లు, పంపు, ఫ్యాను, బ్రేకు, అన్నీ బ్యాటరీ నుంచి వేర్వేరు దారుల్లో బయటికి పోతాయి కానీ తిరిగొచ్చే దారి మాత్రం ఒక్కటే, నల్ల తీగ. ఆ ఒక్క దారికి తలుపు పెట్టేస్తే చాలు. ఎంత పొందికగా ఉందో. ఒక్క గీత, ఒక్క స్విచ్చి. అన్నయ్య వంగి చూసి, బొటనవేలు ఆ కాగితం మీద ఒకచోట ఆనించాడు, బ్రేకు దగ్గర. ట్రైలర్ కారు నుంచి ఊడిపోతే దానంతట అదే బ్రేకు పట్టుకోవడానికి ముందు ఒక చిన్న డబ్బా ఉంటుంది, డబ్బాలో పిన్ను, పిన్నుకు ఉక్కు తాడు, తాడు లాగితే పిన్ను ఊడుతుంది, పిన్ను ఊడితే బ్యాటరీ నుంచి నీలం తీగలో కరెంటు చక్రాల దాకా వెళ్ళి బ్రేకు పట్టేస్తుంది.

"ఈ నీలం తీగ ఒక్కటి స్విచ్చికి బయట ఉండాలేమో కదా. మా మేస్త్రీ అట్లాగే కట్టేవాడు," అన్నాడు.

"ఎందుకు?"

"ఎందుకంటే... ఏమో, అట్లాగే కట్టేవాడు."

"అన్నయ్యా, ఒక్క తీగ బయట పెట్టినా ఆపేసినట్టు కాదు. అన్నీ ఆగాలి అన్నావు. అన్నీ అంటే అన్నీ."

"సరే. నువ్వు చదువుకున్నదానివి."

అంతే. ఆ మాటలో వెటకారం ఉందేమోనని ఎన్నిసార్లు వెతికానో, ఆస్పత్రి మెట్ల మీద, బస్సులో, స్నానాల గదిలో. లేదు. వాడు నిజంగానే అన్నాడు. వెటకారం ఉండి ఉంటే వాడికి పది వేళ్ళూ ఉండేవి.

నల్లది ఊడింది, పక్కకు వంచి గుడ్డ చుట్టాను. ఎర్రది ఊడింది. నల్ల తీగ మధ్యలో నేను పెట్టమన్న పాత స్విచ్చిని రెండు వైపులా విప్పి తీసేశాను, ఎర్ర పిడి, అన్నయ్య దాని పక్కన తెల్ల రంగుతో "ఆపు" "నడుపు" అని రాశాడు, వాడి అక్షరాలు ఎప్పుడూ కుడివైపు పడిపోతూ ఉంటాయి. నల్ల తీగను మళ్ళీ నేరుగా ట్రైలర్ ఇనుప చట్రానికి బిగించాలి. కొత్త స్విచ్చి ఎర్ర తీగ మధ్యలోకి రావాలి. నీలం తీగ స్విచ్చిని దాటకుండా బ్యాటరీ కొమ్ముకే రావాలి. ఇంతే. ఎనిమిదో తరగతి పిల్లకు చెప్పినా అర్థమవుతుంది, ఎందుకో కూడా అర్థమవుతుంది. మేస్త్రీకి ఎందుకో చెప్పడం రాలేదు, అన్నయ్యకూ రాలేదు, ఎందుకో చెప్పలేనివాళ్ళ మాట చెల్లదని నాకు బడిలో మొదటి రోజు నుంచీ నేర్పారు, ఆ పాఠం నేను బాగా చదివాను. "అక్కడ కొయ్యి, ఇంకో రెండంగుళాలు ఇవతలికి, లేకపోతే వంపు చాలదు," అంటున్నాడు వెనక నుంచి. రెండంగుళాలు ఇవతలికి జరిపి కట్టర్ నొక్కాను. లావు తీగ, లోపల రాగి వెంట్రుకలు ఎర్రగా మెరిశాయి.

చెరువు గట్టు దగ్గర కాస్త ఏటవాలుగా ఉన్న గడ్డి నేల. నేను అక్కడ లేను, వదిన పదిసార్లు చెప్పింది, చెప్పిన ప్రతిసారీ నాకు ఇంకాస్త స్పష్టంగా కనబడుతుంది. దారిలో లోపలి లైట్లెందుకు దండగ అని స్విచ్చి ఆపి తెచ్చాడు, నేనే ఆపి తెమ్మన్నాను. కారు నుంచి కొక్కెం విప్పాడు, గొలుసులు విప్పాడు, చక్రం కింద పెట్టిన చెక్క సరిగ్గా ఆనలేదు, ట్రైలర్ మెల్లగా, వదిన మాటల్లో ఆవు లేచి నడిచినట్టు, నీళ్ళవైపు కదిలింది. పెద్దమ్మాయి వాలుకు కింద వైపు నుంచి నీళ్ళు తెస్తోంది. అన్నయ్య అరవలేదట. పరుగెత్తి వెళ్ళి ఉక్కు తాడు పట్టుకుని పిన్ను లాగాడట, లాగి నిలబడ్డాడట. వదినకు అదే అర్థం కాదు, ఎందుకు నిలబడ్డాడు, రెండు క్షణాలు బొమ్మలా ఎందుకు నిలబడ్డాడు అంటుంది. నాకు తెలుసు. బ్రేకు పడుతుందని నిలబడ్డాడు, ఆపి ఉన్న నా స్విచ్చి కరెంటును బ్రేకు దాకా పోనివ్వలేదు. నేను గీసిన బొమ్మ మీద నమ్మకంతో రెండు క్షణాలు నిలబడ్డాడు. తర్వాత చెక్క తీసుకుని చక్రం ముందుకు దూరాడు. ట్రైలర్ ఆగింది. చెక్కతోపాటు చెయ్యి కూడా ఉంది కింద.

లగ్గు. తీగ చివర ఈ రాగి గొట్టాన్ని తొడిగి గట్టిగా నొక్కాలి, నొక్కే కత్తెర మూరెడు పొడుగు, రెండు చేతులతో నొక్కినా నాకు సగమే మూసుకుంది. ఇది వాడు ఒంటిచేత్తో చేసేవాడు, మాట్లాడుతూ చేసేవాడు, బీడీ కాల్చే రోజుల్లో బీడీ పెదాల మధ్య ఉండగానే. ఒక పిడిని నేలకు ఆనించి రెండో దాని మీద మోకాలేసి నొక్కాను, టక్ మంది. "చూడు, లాగు," అన్నాడు. లాగాను. ఊడి చేతికొచ్చింది. వాడు లేచి వచ్చాడు, ఎడమ చేత్తో కత్తెర తీసుకుని, కుడి చెయ్యి జేబులోంచి తీసి, నేను అటు చూడకూడదనుకుంటూనే చూశాను, బొటనవేలూ చిటికెనవేలూ, మధ్యలో గులాబీ రంగు చర్మం కుట్లతో ముడుచుకుని, ఆ చేతి మణికట్టుతో పిడిని అదిమి ఎడమ చేత్తో నొక్కాడు. రెండు టక్‌లు వినపడ్డాయి. "రెండోది వినపడాలి," అని మళ్ళీ పీట మీదికి వెళ్ళిపోయాడు, చెయ్యి మళ్ళీ జేబులోకి. తొమ్మిదో తరగతిలో వాడిని దుకాణంలో కూర్చోబెట్టినప్పుడు మేస్త్రీ నాన్నతో, వీడి వేళ్ళు బాగున్నాయి, సన్నగా ఉన్నాయి, ఎక్కడికైనా దూరతాయి అన్నాడట. ఇద్దరిలో ఒకళ్ళే చదవాలన్నప్పుడు నాన్న మా ఇద్దరినీ అడగలేదు, పుస్తకాలు నా దగ్గర ఎక్కువ సేపు ఉండడం చూసి తేల్చేశాడు. వేళ్ళు వాడివి, తల నాది, అలా పంచుకున్నాం. పంపకం బాగానే ఉంది, వాడి వేళ్ళకు నా తల దారి చెప్పేదాకా.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఎలా జరిగిందని అడిగితే వాడు నా పొరపాటే అన్నాడు. నేను మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాను. నోరు తెరిచాను, ఆ క్షణం నాకు బాగా గుర్తుంది, పెదాలు విడిపోయిన చప్పుడు కూడా గుర్తుంది. నర్సు వచ్చి ఒక్కళ్ళే ఉండాలి, మిగతావాళ్ళు బయటికి అంది. బయటికి వెళ్ళాను. మర్నాడు చెబుదామనుకున్నాను. ఒక రోజు చెప్పని మాట మర్నాటికి రెండు రోజులు దాచిన మాట అవుతుంది, వారానికి అబద్ధం అవుతుంది, నెలకు మనిషి స్వభావం అవుతుంది. ఈలోగా వదిన నోరు ఊరుకోలేదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు అని మొదట ఇంట్లో అంది, తర్వాత వీధి గుమ్మంలో అంది. వినేవాళ్ళు విన్నారు. తన బండికే సరిగ్గా కట్టుకోలేనివాడు మన బండికేం కడతాడు అని ఇరవై ఏళ్ళ నుంచి దుకాణానికొచ్చే లారీ డ్రైవరు కూడా ఎదుటి వీధికి మళ్ళాడు. దుకాణం షట్టర్ ఇప్పుడు మధ్యాహ్నానికే సగం దించి ఉంటుంది. నేను ప్రతి ఆదివారం పళ్ళు తీసుకుని వచ్చి, ఒలిచి, ముక్కలు కోసి, వాడి ఎడమ చేతి పక్కన పెట్టి వెళ్ళేదాన్ని. ఎంత బాధ్యత గల చెల్లెలు అన్నారు చుట్టుపక్కల. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే, కాకపోతే కాలిన చేతులు వాడివి, ఆకులు పట్టుకుని పేరు తెచ్చుకున్నది నేను.

దీనికంటే చెడ్డది ఇంకొకటి ఉంది. ప్రమాదం జరిగిన మూడో రోజు అన్నయ్య బట్టలు తెమ్మని ట్రైలర్ తాళం నా చేతికిచ్చాడు. లోపలికి వెళ్ళాను. అలమర తలుపుకు లోపలి వైపు నా బొమ్మ అంటించి ఉంది, నాలుగు మూలలా టేపు వేసి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి, చెమ్మ తగలకుండా. దాని కింద వాడి పడిపోయే అక్షరాలతో "మా చెల్లి గీసింది" అని రాసి ఉంది, ఎవరికి చూపించడానికి రాశాడో. నేను ఏడవలేదు. గోటితో టేపు లేపి కాగితం పీకి నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకున్నాను. తర్వాత బట్టలు సర్దాను, చొక్కాలు రెండు, లుంగీలు రెండు, దువ్వెన కూడా గుర్తుపెట్టుకుని పెట్టాను. ఆఫీసులో తప్పు దొరికితే ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టే మనిషిని నేను. ఆ కాగితాన్ని మాత్రం మా ఇంటి పొయ్యి మీద కాల్చి బూడిద సింకులో పోసి నీళ్ళు వదిలాను.

ఎర్ర తీగ రెండు ముక్కల్నీ కొత్త స్విచ్చి వెనక రెండు బోల్టులకు బిగించాను. స్విచ్చిని పెట్టె పక్కన ఇనుప పట్టీకి నాలుగు స్క్రూలు. నీలం తీగ చివర చిన్న లగ్గు, ఈసారి రెండు టక్‌లు నేనే వినిపించాను, దాన్ని బ్యాటరీ కొమ్మును పట్టుకునే ఎర్ర క్లాంపు బోల్టు మీదికి తెచ్చి నట్టు బిగించాను. నా చెయ్యి దానిమీద కాసేపు ఆగింది. ఇంత పొట్టిది, జానెడు తీగ. ముందు ఎర్రది పెట్టాను. ఆఖర్న నల్లది. చిన్న నిప్పురవ్వ చిటుక్కుమంది. గ్రీజు పూశాను.

"జాకీ పెట్టి చక్రం లేపు," అన్నాడు అన్నయ్య. "స్విచ్చి ఆపి ఉంచే పరీక్షించాలి. పోయినసారి స్విచ్చి నడుపులో ఉండగా పరీక్షించాను, బ్రేకు పడింది."

పోయినసారి ఆ పరీక్ష ఫోన్లో నాకు చూపించాడు, చూశావా పట్టింది అంటే నేను పడకపోతే ఎలా అన్నాను. ఇప్పుడు స్విచ్చి ఆపులో పెట్టి, లేపిన చక్రాన్ని చేత్తో తిప్పాను, గిరగిరా తిరుగుతోంది. అన్నయ్య ఎడమ చేత్తో ఉక్కు తాడు లాగాడు. పిన్ను ఊడింది. చక్రం లోపల గుయ్‌మని సన్నగా మోగి, ఠక్కున ఆగిపోయింది, నా అరచేతి కింద, పట్టుకుని ఆపినట్టు. ఇద్దరం ఆ చక్రం వైపే చూస్తూ ఉండిపోయాం. రెండు క్షణాలు పట్టి ఉంటుంది.

వదిన మూడు గ్లాసుల టీ పళ్ళెంలో పెట్టుకుని వచ్చింది. చంకలో కొత్త దుప్పటి. అయిందామ్మాయ్ అని అడిగి, జవాబు కోసం చూడకుండా పళ్ళెం పెట్టె మూత మీద పెట్టి మెట్టువైపు నడిచింది. అప్పుడు అన్నాను. మోకాళ్ళ మీద నుంచి లేవకుండానే.

"వదినా, ఆగు. పోయినసారి ఈ తీగలకు బొమ్మ గీసింది నేను. బ్రేకు తీగ బయట పెట్టాలని అన్నయ్య అన్నాడు, నేనే వద్దన్నాను. తప్పు నాది. అన్నయ్యది కాదు."

వదిన ఒక కాలు మెట్టు మీద పెట్టి ఆగింది. నన్ను చూసింది, పీట మీద అన్నయ్యను చూసింది. ఎన్ని రాత్రులు ఈ ముఖాన్ని ఊహించుకున్నానో, అందులో కోపం ఉండేది, ఏడుపు ఉండేది, దుప్పటి నా ముఖాన విసిరికొట్టడం ఉండేది. అవేవీ రాలేదు. జాలి వచ్చింది.

"ఎంత మంచిదానివమ్మా. అన్న పరువు కోసం తప్పు నెత్తిన వేసుకుంటున్నావా," అంది. "ఏమండీ, వింటున్నారా? మీ చెల్లెలు మిమ్మల్ని కాపాడుతోంది. నిజమేనా అది చెప్పేది?"

అన్నయ్య టీ గ్లాసు ఎడమ చేత్తో తీసుకున్నాడు. ఊదాడు. "బొమ్మ గీయమంటే ఏదో గీసింది," అన్నాడు. "కట్టింది నేను. కాగితం వచ్చి కట్టిందా?"

"విన్నావా. అబద్ధం చెప్పడం కూడా రాదు మీ అన్నకు, అది నీకొచ్చింది," అని నవ్వి, నవ్వుతూనే ఏడు నెలల తర్వాత ఆ రెండు మెట్లూ ఎక్కి లోపలికి వెళ్ళిపోయింది. లోపల దుప్పటి దులిపిన చప్పుడు.

నేను వాడివైపు తిరిగాను. "ఎందుకన్నయ్యా," అన్నాను.

"అలమర తలుపు మీది కాగితం ఎవరు పీకారో నాకు తెలీదనుకున్నావా," అన్నాడు, గొంతు పెంచకుండా, గ్లాసులోకి చూస్తూ. "తాళం నీ ఒక్కదాని చేతికే ఇచ్చాను. వస్తావు, చెప్తావు అని చూశాను. ఒక వారం చూశాను, రెండు వారాలు చూశాను. తర్వాత చూడ్డం మానేశాను."

"ఇప్పుడు చెప్పాను కదా."

"ఇప్పుడు నాకొద్దు." గ్లాసు గచ్చు మీద పెట్టాడు. "నా తప్పు అనుకుంటే, రేపు ఇంకాస్త జాగ్రత్తగా కట్టుకుంటాను, దుకాణం తెరుచుకుంటాను, ఎవడొస్తాడో చూస్తాను. తెలిసి తెలిసి, వద్దనిపిస్తున్నా, చదువుకుంది కదాని నీ మాట విని కట్టానని ఒప్పుకుంటే, ఇరవై రెండేళ్ళు నేను చేసింది ఏమిటి? వేళ్ళు పోయినా పని నాదే అనుకుంటున్నాను. అది కూడా తీసుకోకు పంతులమ్మా."

ఆ పేరు వాడు ఎప్పుడూ పిలిచినట్టే పిలిచాడు. నాకు అదే ఎక్కడో గుచ్చుకుని ఉండిపోయింది. క్షమించు అనడానికి నా దగ్గర ఇంక తప్పు లేదు, తప్పు వాడు తీసేసుకున్నాడు, నాకు మిగిల్చింది నా మంచితనం ఒక్కటే, వీధంతా ఒప్పుకున్నది, ఇప్పుడు వదిన కూడా ముద్ర వేసినది. వాడు లేచి వచ్చి నా పక్కన వంగాడు. ఎడమ చేత్తో పానా అందుకుని, నేను బిగించిన నట్లు ఒక్కొక్కటీ పట్టి చూశాడు, ఎర్రది, నల్లది, స్విచ్చి వెనకవి రెండు. ఒకటి పావు వంతు తిరిగింది. దాన్ని బిగించాడు. నా ముఖంలోకి చూడలేదు. నీలం తీగ నట్టు దగ్గర మాత్రం రెండుసార్లు చూశాడు.

లోపలి నుంచి వదిన పిలిచింది. "అమ్మాయ్, లైటు వెలగట్లేదేంటి?"

"స్విచ్చి ఆపి ఉంది వదినా."

"అదా," అంది. మంచం చెక్కలు కిర్రుమన్నాయి, నడుం వాల్చినట్టుంది. "ఉండనీలే, నువ్వు కట్టావుగా. నాకేం భయం."